వియత్నామీ హోటల్లో ఫో ఎలా ఆర్డర్ చేయాలి, ఎలా తినాలి?

అమెరికాలో వియత్నామీలు ఎక్కువగా ఉండే శాన్ హోసేలాంటి చోట వియత్నామీ హోటల్‌కి మొదటిసారి వెళ్తుంటే, పేర్లు పలకడం రాదని టెన్షన్ అక్కర్లేదు, చాలా మెనూల్లో ప్రతి వంటకానికీ నంబరుంటుంది, అది చెబితే చాలు. ఫో అంటే బియ్యపు నూడుల్స్ వేసిన వేడి సూప్. మామూలుగా గొడ్డు ఎముకల్ని గంటల తరబడి మరిగించి చేస్తారు కాబట్టి బీఫ్ తిననివాళ్లు ‘ఫో గా’ అడగండి, అది కోడిది. రసం కూడా కోడిదేనా అని తప్పకుండా కనుక్కోండి. శాకాహారులైతే ‘చాయ్’ అనాలి (టీ కాదు, వియత్నామీలో శాకాహారం అని అర్థం), చేపల సాస్ వద్దని కూడా విడిగా చెప్పాలి.

పక్కన ప్లేటులో పచ్చి మొలకలు, తులసి జాతి ఆకులు, నిమ్మముక్క, పచ్చిమిర్చి వస్తాయి. అన్నీ ఒకేసారి కుమ్మరించొద్దు. ముందు ఉత్త రసం రెండు చెంచాలు తాగండి, అనాసపువ్వు, దాల్చినచెక్క, కాల్చిన అల్లం, ఉల్లిపాయ వాసన బిర్యానీ అలవాటున్న మనకి ఇట్టే తెలిసిపోతుంది. తర్వాత ఆకులు తుంచి వేసి, మొలకలు వేడి రసంలోకి అదిమి, నిమ్మ పిండుకోండి. హాయిసిన్ (తియ్యటి చిక్కటి సాస్), శ్రీరాచా (కారం సాస్) ఫో గిన్నెలోనే పోస్తే అంతసేపు మరిగించిన రసం రుచే పోతుంది; చిన్న గిన్నెలో వేసుకుని ముక్కలు అద్దుకుంటేనే బాగుంటుంది.

బిల్లు కోసం ఎదురుచూడకండి, చాలాచోట్ల కౌంటర్ దగ్గరికెళ్లి కట్టేయడమే.