సమాధానం: పోలీసు, కోర్టు, జైలు డేటా కలవకపోతే
మూడు శాఖల డేటా తెప్పించినా లెక్కలు కలవడం లేదు, డిస్కవరీ (ప్రాజెక్టు మొదట్లో అసలు సమస్యేమిటో తెలుసుకునే దశ) గడువేమో దగ్గరపడుతోంది అన్నారు కదా. ముందు అన్ని లెక్కలూ ఒకే తెరపై చూపించే డాష్‌బోర్డు ఆలోచన పక్కన పెట్టండి. "బెయిల్ వచ్చినా మనిషి ఎందుకు బయటికి రావడం లేదు" లాంటి ఒక్క ప్రశ్న పట్టుకుని, ఒక కేసును మొదటి నుంచి చివరిదాకా వెంబడించండి. పోలీసులు లెక్కపెట్టేది నేరాన్ని, కోర్టు కేసును, జైలు మనిషిని. ఒకే కేసులో ముగ్గురు నిందితులుంటే తేడా అక్కడే వచ్చేస్తుంది. పేరొక్కటే చూసి మూడు చోట్ల రికార్డులను జత చేయకండి, స్పెల్లింగ్ మారితే ఒకే మనిషి ఇద్దరవుతాడు.

ఎంట్రీ చేసే గుమాస్తా పక్కన ఒక పూట కూర్చోండి. 'తీర్పు తేదీ' గడిలో ఒక్కోసారి ఉండేది ఎంట్రీ చేసిన రోజు! ఇలాంటివి డాక్యుమెంట్లలో దొరకవు. మైనర్ల రికార్డులు కావాలంటే మాత్రం అనుమతి ఇవాళే అడగండి, టెన్షనంతా దానితోనే.