సచివాలయ ఉద్యోగం వదలకుండా డేటా విశ్లేషణ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్లతో బీఎస్సీ చదివి, రాజాం దగ్గర గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా పనిచేస్తోంది. ఉద్యోగం మానేసి హైదరాబాదులో డేటా సైన్స్ కోర్సులో చేరతానంటోంది. ఫీజు కట్టాలంటే పొలం తాకట్టు పెట్టాలి. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, విజయనగరం జిల్లా

జవాబు: అయ్యా, పొలం తాకట్టు పెట్టకండి, ఉద్యోగమూ మానిపించకండి. అలాగని అమ్మాయి ఆసక్తిని కొట్టిపారేయకండి. ఆమె నేర్చుకోవాలనుకుంటున్న విద్య అవసరం ప్రభుత్వ శాఖల్లో చాలా ఉంది. దాన్ని నేర్చుకోవడానికి ఆమె ఇప్పుడు చేస్తున్న పనికి మించిన చోటు దొరకడం కష్టం.

వెనుకబడిన జిల్లాల అభివృద్ధి కోసం 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆకాంక్షిత జిల్లాల కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు మన రాష్ట్రం నుంచి ఎంపికైన మూడు జిల్లాల్లో విజయనగరం ఒకటి. పోషణ, విద్య, వ్యవసాయం వంటి ఐదు రంగాల్లో 49 సూచికలను బట్టి జిల్లాల ప్రగతిని లెక్కగట్టారు. ఆ అంకెలలో చాలావరకు పుట్టేది అంగన్‌వాడీలో, బడిలో, ఆరోగ్య ఉపకేంద్రంలో. నమోదు చేసే ఉద్యోగికి ఆ అంకె ఎందుకు అడుగుతున్నారో తెలియకపోతే, కలెక్టరేటులో అంకెలన్నీ ఒకే తెరపై చూపే ఎంత చక్కని డాష్‌బోర్డు పెట్టినా అది తప్పుదారే చూపుతుంది.

ఈ నెల ఎంతమంది పిల్లల బరువు తూచారు, ఎంతమందికి గుడ్లు అందాయి అని చూడడం పర్యవేక్షణ. బరువు తక్కువ పిల్లలు నిజంగా తగ్గారా, తగ్గితే అది పథకం వల్లనేనా అని తేల్చడం మూల్యాంకనం. మన కార్యాలయాలలో మొదటిది రోజూ జరుగుతుంది, రెండవది అరుదు. ఉదాహరణకు, పనుల కోసం చెన్నైకో విశాఖకో వలస వెళ్లే కుటుంబాలు తమతో పిల్లలను తీసుకుపోతాయి. అలా వెళ్లినవారిలో బరువు తక్కువ పిల్లలే ఎక్కువైతే, ఊళ్లో మిగిలిన ఏ ఒక్క బిడ్డ బరువూ పెరగకపోయినా, ఆ అంగన్‌వాడీలో బరువు తక్కువ పిల్లల శాతం తగ్గి, పరిస్థితి మెరుగైనట్టు కనిపిస్తుంది. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి పరీక్షలు ఎక్కువగా జరిపిన నెలలో రోగుల సంఖ్య పెరిగితే, వ్యాధి పెరిగిందా, గుర్తించడం పెరిగిందా అన్నది కూడా విడదీసి చూడవలసిందే. బరువులన్నీ సరిగ్గా కిలోల్లోనో అరకిలోల్లోనో నమోదై ఉంటే, కొన్నిటిని అంచనాగా రాసి ఉంటారని అనుమానించాలి. ఏ సాఫ్ట్‌వేరూ ఈ ప్రశ్నలను తనంతట తాను వేయదు. గ్రామం తెలిసిన ఉద్యోగే వేయగలడు, అందుకే మీ అమ్మాయి అనుభవాన్ని నేను అంత విలువైనదిగా భావిస్తున్నాను.

సాధనాల విషయానికి వస్తే, మొదట ఎక్సెల్‌లో పివట్ టేబుళ్లు (పెద్ద పట్టికను కోరిన విధంగా కుదించి చూపేవి), ఆ తర్వాత ఉచితంగా దొరికే ఆర్ లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు. ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణకు కేంద్రం 2020లో ఆమోదించిన మిషన్ కర్మయోగి కింద ఐగాట్ అనే ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఉంది. అందులోని కోర్సులకు ఫీజు లేదు. పట్టా కావాలనుకుంటే, ఇగ్నో దూరవిద్యలో అనువర్తిత గణాంకశాస్త్రంలో పీజీ డిప్లొమా ఉంది.

ఎదుగుదలకు కూడా దారులున్నాయి. ఏపీపీఎస్సీ ద్వారా సహాయ గణాంక అధికారి, కేంద్ర స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) నిర్వహించే సీజీఎల్ పరీక్ష ద్వారా జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు భర్తీ అవుతుంటాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష వీటికంటే చాలా కఠినమైనది, దానికి వయోపరిమితి కూడా ఉంది కనుక రాసే ఉద్దేశముంటే ఆలస్యం చేయకూడదు. డిగ్రీలో గణాంకశాస్త్రం ఉండడం ఈ మూడింటికీ ఆమెకు కలిసివచ్చే విషయం.

సాధన ఈ వారమే మొదలుపెట్టమనండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ, ఐదవ విడతల జిల్లా నివేదికలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. 2015-16 నుంచి 2019-21 నాటికి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో ఏ సూచిక ఎలా మారిందో పోల్చి, కారణాలను రెండు పేజీలలో రాసి, మండలంలోని గణాంక అధికారికి చూపించమనండి. సచివాలయంలోని ఇంటింటి వివరాలను మాత్రం ఇందుకు వాడకూడదు. ప్రజల పేర్లు, ఆధార్ సంఖ్యలు ఉన్న ఏ పట్టికనూ సొంత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోవద్దని గట్టిగా చెప్పండి.