బావ కాలి గురించి

కోవూరు

చిరంజీవి శీనయ్యకి మామ దీవెనలు.

నువ్వు పంపిన కాగితాలు పెద్దమ్మాయి చేత చదివించుకున్నా. మీ నాన్న, అదే మా బావ, బొటనవేలి పక్కన పుండు రెండు నెలలైనా మానలేదనీ, రాత్రిళ్లు మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడేస్తే గానీ నిద్ర పట్టట్లేదనీ రాశావు. ఒక డాక్టరు స్టెంటు (రక్తనాళం మూసుకోకుండా లోపల పెట్టే జాలీ గొట్టం) అన్నాడు, ఇంకొకాయన బైపాస్ (అడ్డుని దాటించి రక్తానికి కొత్త దారి వెయ్యడం) అన్నాడు, ఊళ్లో పెద్దమనుషులు వేలు తీసేస్తే పీడ పోతుందన్నారు. బావేమో టంగుటూరు వేలం అయ్యేదాకా కదలనంటుండాడు. ముందు ఆ చివరి మాటకే జవాబు చెప్తా. పొగాకు బేళ్లు ఇంకో నెల ఆగుతాయి, ఆ కాలు ఆగదు.

బావది కాలికి రక్తం తెచ్చే ధమనులు పూడుకుపోయే జబ్బు. అందులో నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే వదిలేసే దశ వేరు. నాది అక్కడే మొదలైంది. ఒకచోట ఎనిమిది నెలలు నడుము నరం నొక్కుకుందని మందులిచ్చారు. ఎంత దూరం పోతే పడుతోంది, నిలబడితే ఎంతసేపట్లో వదులుతోంది అని ఒక్కరూ అడగలా. రక్తం చాలకపోతే రోజూ ఇంచుమించు అంతే దూరానికి పడుతుంది, ఊరికే నిలబడితే నాలుగు నిమిషాల్లో వదులుతుంది. నడుము నొప్పి అట్టా లెక్క ప్రకారం రాదు. ఆ దశలో ఉన్నోళ్లకి చాలావరకు కత్తితో పని లేదు. పొగ మానాలి, ఆస్పిరిన్ లాంటి మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవాలి, వారానికి మూడు రోజులన్నా నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. మూడు నెలలు పట్టుదలగా చేస్తే చాలామందికి నడిచే దూరం పెరుగుతుంది. బావ ఆ దశ దాటాడు. పడుకున్నా నొప్పి, మానని పుండు ఉంటే అది కాలు దక్కించుకునే లెక్క.

ఇంకోటి. కాలి బీపీని చేతి బీపీతో భాగించిన అంకె 1.4 వచ్చిందనీ, 0.9 కంటే తక్కువైతేనే జబ్బని ఎవరో అన్నారనీ సంబరపడ్డావు. సంబరపడకు. షుగరు ఏళ్ల తరబడి ఉన్నోళ్లకి చీలమండ దగ్గర రక్తనాళాలు సున్నం పట్టి గట్టిపడతాయి. బీపీ పట్టీ ఎంత బిగించినా నొక్కుకోవు, దాంతో అంకె దొంగలెక్క చూపిస్తుంది. కాలివేలి దగ్గర బీపీ కొలవమని అడుగు. సీటీ యాంజియో, అంటే రంగు మందు ఎక్కించి రక్తనాళాలకి తీసే స్కాన్ అంటే, ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడమను, ఆ రంగు మందు కిడ్నీలకి భారం. బావ మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వేసుకుంటుంటే ఆ మాట ముందే చెప్పు.

ఇక స్టెంటా బైపాసా అన్నావు. బైపాస్ అంటే ఒకటే ఆపరేషన్ అనుకోబాకు. మన సోమశిల డ్యామ్ కాలవ నీళ్లతో పోల్చి చెప్తా, నాకు అర్థమైంది అట్టానే. ఎగువన నీళ్లుండాయా, మధ్యలో కాలవ ఎట్టా ఉంది, చివరి ఆయకట్టుకి అందుకునే పిల్లకాలవ బతికుందా, ఈ మూడూ చూడాలి. ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండిటికీ పెట్టిన డబ్బు దండగ.

అడ్డు పొత్తికడుపులో, పెద్ద ధమని చీలిన చోట ఉంటే ఇప్పుడు చాలావరకు స్టెంటుతోనే తెరుస్తారు. అది కుదరకపోతే పొట్ట కోసి, ప్యాంటు ఆకారంలో ఉండే డాక్రాన్ అనే గుడ్డతో చేసిన గొట్టం పెట్టి రెండు గజ్జలకీ రక్తం దించుతారు. గట్టిగా నిలిచే పనే గానీ గుండె బలంగా ఉండాలి. అంత తట్టుకోలేని వాళ్లకి బాగున్న కాలి గజ్జ నుంచి రెండో గజ్జకి చర్మం కింద గొట్టం తీసుకుపోతారు, లేదా చంక దగ్గర నుంచి దించుతారు. గజ్జలోనే అడ్డు ఉంటే గొట్టమే అక్కర్లా, అక్కడ కోసి లోపలి పూడికని గీకి తీసేస్తారు. కాలవ పూడిక తీసినట్టే.

నాకు చేసింది గజ్జ నుంచి మోకాలి కిందికి. బావకి డాప్లర్ (రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండు పరీక్ష) కాగితంలో అడ్డు తొడలోనూ, మోకాలి కిందా ఉందని రాశారు కాబట్టి మీరు తేల్చుకోవాల్సిందీ దీని గురించే. ఇక్కడ అసలు ఆస్తి తొడ లోపలి వైపు పోయే పొడుగాటి సిర, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకుపోయే నాళం. రక్తానికి కొత్త దారిగా దాన్నే వాడతారు. మనం దాన్నీ నరమే అంటాం, ధమనినీ నరమే అంటాం, నొప్పి తెలిపేదాన్నీ నరమే అంటాం, అందుకే ఆస్పత్రిలో సగం తికమక. ఆ సిరలో బోరు ఫుట్‌వాల్వు లాంటి తలుపులుంటాయి, రక్తాన్ని పైకే పోనిస్తాయి. అందుకని దాన్ని బయటికి తీసి తలకిందులు చేసి కుడతారు, లేదా ఉన్నచోటే ఉంచి తలుపులు తెగ్గొడతారు. మోకాలి పైన ఆగే బైపాస్‌కైతే పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ గొట్టం కొంత కాలం బాగానే పనిచేస్తుంది. మోకాలు దాటి కిందికి పోవాలంటే మాత్రం సొంత సిరే మేలు. కాబట్టి అల్ట్రాసౌండుతో ఆ సిరని కొలిపించు. మూడు మిల్లీమీటర్లు, అంతకంటే లావుగా, తెగకుండా ఒకటే పొడుగు ఉంటే బావ అదృష్టం. అప్పటిదాకా ఆ కాలికి సూదులు గుచ్చనివ్వకు.

స్టెంటు ముందా, బైపాస్ ముందా అనే వాదన పెద్ద డాక్టర్లలోనే తెగలా. 2022లో వెలువడిన బెస్ట్-సీఎల్ఐ అనే అధ్యయనంలో తొడ సిర బాగున్న వాళ్లకి బైపాస్ ముందు చేస్తే కాలు మెరుగ్గా నిలిచింది. సిర బాగాలేని వాళ్లలో రెంటికీ పెద్ద తేడా రాలా. 2023లో బ్రిటన్ వాళ్ల బేసిల్-2 మోకాలి కింద అడ్డున్న వాళ్లని చూసి, నాళంలో బెలూను ఊది అడ్డు తెరవడం, స్టెంటు పెట్టడం అనే దారే ముందు మేలంది, ముఖ్యంగా ఆ దారిలో చావులు తక్కువ కాబట్టి. నాకు అర్థమైందేమంటే, గుండె గట్టిగా ఉండి, సిర బాగుండి, పాదం దగ్గర అందుకునే నాళం ఒకటన్నా తెరిచి ఉంటే బైపాస్ అడగొచ్చు. గుండె బలహీనమైతే బెలూను. ఈసీజీ, ఎకో చూడకుండా ఎవరైనా తేదీ ఇస్తే లేచి వచ్చెయ్యి. కాళ్లలో అడ్డులున్నోడికి గుండెలో ఉండవనే నమ్మకం లేదు. స్టెంటూ, బైపాసూ రెండూ చేతనైన వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరు దగ్గరికే పోండి. ఒకటే వచ్చినాయన తనకొచ్చిందే మంచిదంటాడు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు సంచిలో పెట్టుకో, ఏ ఆపరేషన్ కింద వస్తుందో కౌంటర్లో ముందే అడుగు.

వేలు తీసేద్దామన్న వాళ్లకి చెప్పు: రక్తం తెప్పించకుండా కోస్తే కోసిన గాయమూ మానదు. ముందు నీళ్లు, తర్వాత కోత. చీముపట్టి జ్వరం వస్తే మాత్రం అది వేరే, అదే రోజు ఆస్పత్రికి.

ఆపరేషన్ అయ్యాక కాలు వాస్తుంది, నాకు మూడు నెలలు వాచింది. ఎవరూ ముందు చెప్పలా, అందుకని ఏడ్చినంత పనైంది. మోకాలి లోపలి వైపు తిమ్మిరి నాకు ఇప్పటికీ ఉంది. గజ్జలో గాయం తడి కాకుండా మీ అమ్మని చూసుకోమను, చీము మొదలయ్యేది అక్కడే. ఆపరేషన్ అయిన నెలకి ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి, తర్వాత ఏడాదికోసారి డాప్లర్ తప్పించొద్దు. బాగున్నప్పుడే చూస్తే సన్నబడ్డ చోటు దొరుకుతుంది, చిన్న బెలూనుతో పోతుంది. ఉన్నట్టుండి కాలు చల్లబడి పాలిపోతే ఉదయం దాకా ఆగొద్దు, ఆరు గంటల్లోపే ఏదైనా చెయ్యగలిగేది.

చుట్ట సంగతి బావకి నువ్వు చెప్తే వినడు, నేను మాట్లాడతా. సొంత బ్యారన్‌లో (పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టం) కాల్చిన ఆకు, సొంతంగా చుట్టుకున్న చుట్ట అని మురుసుకుంటాడు. బైపాస్ తర్వాత పొగ తాగేవాళ్లకి కొత్త నాళం మూసుకుపోయే ముప్పు సుమారు మూడింతలు. నా కాలి మచ్చ చూపించి చెప్తా.

ఆదివారం బావని తీసుకుని నెల్లూరు రా. బస్టాండుకి నేనే వస్తా. డాప్లర్ కాగితాలు, సీటీ తీయించి ఉంటే ఆ ఫిల్ములు మడతపెట్టకుండా తీసుకురా. బావకి వెడల్పాటి చెప్పులు కొనిపెట్టు, ఒట్టి కాళ్లతో ఇంట్లో కూడా నడవనివ్వకు.

మీ మామ