రామకృష్ణుడి అడుగు సమం మీద పడకూడదు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తెనాలి రామకృష్ణుడి కథను మైమ్‌లో, అంటే మాటల్లేని అభినయంలో చేస్తున్నావని, పక్కన వయొలిన్, మృదంగం, పళ్ల దగ్గర పెట్టుకుని వాయించే మోర్సింగ్ పెట్టుకుంటున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషంరా. రికార్డింగ్ జోలికి పోకపోవడం మంచిదైంది. జనం నవ్వుతుంటే మృదంగం ఆగి చూస్తుంది, రికార్డింగ్ ఆగదు.

కాళికాదేవి ఘట్టమే తీసుకో. వెయ్యి ముఖాలు, రెండే చేతులు, జలుబు చేస్తే ఎలాగమ్మా అని నవ్వడం మనవాళ్లందరికీ తెలిసిన కథ. మాట లేకపోయినా అందుతుంది. ముందు ఒకే ముక్కు తుడువు, తీరిగ్గా, మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో. తర్వాత పక్క ముక్కు, దాని పైది, వెనకది. అప్పుడు దానికి రెట్టింపు వేగంతో రెండో కాలం, ఇంకా రెట్టింపుతో మూడో కాలం. చేతులు చాలక నువ్వు ఉక్కిరిబిక్కిరి కావాలి, లయ మాత్రం చెదరకూడదు. తుమ్మిన ప్రతిసారీ మృదంగం మోగిస్తే చిన్నపిల్లల కార్టూన్ అయిపోతుంది. చిన్న తుమ్ములు నిశ్శబ్దంగా పోనీ. చివరి పెద్ద తుమ్ముకు ఒక్కటే దెబ్బ చాలు.

అన్నిటికంటే ముఖ్యం నడక. దేవి ఎనిమిది అక్షరాల ఆదితాళంలో సరిగ్గా సమం మీద, అంటే తాళం మొదలయ్యే దెబ్బ మీద అడుగెయ్యాలి. రామకృష్ణుడు సమం దాటిన అర అక్షరానికి, అంటే తాళం లెక్కలో అర దెబ్బ ఆలస్యంగా వెయ్యాలి. వాడి కొంటెతనమంతా ఆ అర అక్షరంలోనే ఉంది. తాళం తెలియని ప్రేక్షకుడికి కూడా ఇతను ఎవరి లెక్కకూ లొంగడని తెలిసిపోతుంది. ఆ చివరి తుమ్ము ఒక్కటే సమం మీద పడనీ, హాలు ఎలా నవ్వుతుందో చూడు.

పాట పెట్టకు, సాహిత్యం వినబడితే జనం నీ చేతులు చూడటం మానేస్తారు. దేవి ప్రత్యక్షమయ్యేటప్పుడు వయొలిన్ మీద సింహేంద్రమధ్యమం రాగం, నవ్వు మొదలయ్యాక కదనకుతూహలం రాగం బాగుంటాయి. దేవి చేతిలోని పాలగిన్నెకు కింది స్థాయి పలికే మంద్ర తీగ, పెరుగుగిన్నెకు పై తీగ వాయించమను. గిన్నె పట్టుకున్న వేళ్ల వంపు కింద పెట్టేదాకా మారకూడదు సుమా, మారితే గిన్నె మాయమైనట్టే.

ముఖానికి తెల్లరంగు పెద్ద హాల్లో వెనక వరసకోసం. మీది చిన్న హాలైతే కాటుక చాలు. ఇంకొకటి, అతను పాండురంగ మాహాత్మ్యం రాసిన మహాకవి. కోతిచేష్టలు చేయించకు, నాకు బాధగా ఉంటుంది.

మృదంగం ఆయన్ని జనంవైపు కాకుండా నీవైపు తిప్పి కూర్చోబెట్టు. రిహార్సల్ ఎప్పుడో చెబితే వస్తాను.

మీ మామయ్య