ఆదివారం చేసిన తీర్మానం సోమవారానికి ఎందుకు నిలవదు?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. కస్టమర్ సపోర్ట్‌లో ఏడాదిగా పనిచేస్తున్నాను. యూత్ మీటింగ్‌కు వెళ్లిన ప్రతిసారీ 'లోకాన్ని ప్రభావితం చేసేలా నన్ను వాడుకో ప్రభువా' అని కన్నీళ్లతో సమర్పించుకుంటాను. సోమవారం ఆఫీసులో మాత్రం టార్గెట్ కోసం, తేలని ఫిర్యాదుల్ని కూడా 'పరిష్కరించాం' అని మూసేస్తున్నాను. మా టీమ్‌లో అందరూ అదే చేస్తారు. ఇంట్లో తమ్ముడి మీద అరుస్తాను. మొన్న వాడు 'ప్రార్థన చేసేవాళ్లు మాట్లాడే మాటలేనా ఇవి?' అన్నాడు. అప్పటినుంచి మందిరానికి వెళ్లాలన్నా సిగ్గుగా ఉంది. ఉద్యోగం మానేసి పరిచర్యలోకి వెళ్తే బాగుపడతానా? – ఒక సోదరి

జవాబు: తమ్ముడి మాట మీకు అంతగా గుచ్చుకుందంటే మీ మనస్సాక్షి మొద్దుబారలేదన్నమాట. అందుకు దేవునికి స్తోత్రం. అయితే కృపను మీరు సగమే వాడుకుంటున్నారు. తప్పు చేశాక క్షమాపణ కోసం కృప దగ్గరికి వెళ్తున్నారు, తప్పు చేయకుండా ఉండే భారమంతా మీ తీర్మానం మీద వేస్తున్నారు. పాటలు, పక్కవాళ్ల ఉత్సాహం కలిసి మోసిన తీర్మానం అది. హెడ్‌సెట్ పెట్టుకుని ఒంటరిగా కూర్చున్నప్పుడు దాన్ని మోసేవాళ్లు ఉండరు.

తీతు 2:11–12 నెమ్మదిగా చదవండి. రక్షణ తెచ్చిన కృపే భక్తిహీనతను విసర్జించి బతకడం మనకు బోధిస్తుందని పౌలు రాశాడు. అక్కడ 'బోధించు' అన్నచోట గ్రీకులో ఉన్నది పిల్లల్ని దిద్ది పెంచడానికి వాడే మాట. పెంపకం ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. పిల్ల పడిపోయిందని ఇంట్లోంచి వెళ్లగొట్టరు కూడా. ఆ కృపే తనను అందరికంటే ఎక్కువ ప్రయాసపడేలా చేసిందని 1 కొరింథీ 15:10లో ఆయనే చెబుతాడు. కాబట్టి కృప అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమూ కాదు.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. 1785లో విల్బర్‌ఫోర్స్ అనే 26 ఏళ్ల బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడికి ఇలాంటి సందేహమే వచ్చింది. ఒకప్పుడు బానిసల ఓడలు నడిపి, కృప వల్ల మారి పాస్టరైన జాన్ న్యూటన్ దగ్గరికి వెళ్లాడు. రాజకీయాల్లోనే ఉండి దేవుణ్ణి సేవించమన్నాడు న్యూటన్. బానిసల వ్యాపారం మీద విల్బర్‌ఫోర్స్ పెట్టిన తీర్మానం 1791లో 163–88 ఓట్లతో వీగిపోయింది. ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో గానీ రాలేదు. అన్నేళ్లూ ఆయన ఒంటరిగానూ పోరాడలేదు.

ఆఫీసు విషయంలో దానియేలు 1వ అధ్యాయం మీకు చాలా పనికొస్తుంది. రాజు పెట్టే భోజనం తిని అపవిత్రం కాకూడదని ఆ యువకుడు ముందు మనసులో నిర్ణయించుకున్నాడు. తర్వాత పై అధికారిని మర్యాదగా అడిగాడు. ఆయన రాజుకు భయపడి వెనకాడితే నిందించకుండా, తమను చూసుకునే మనిషి దగ్గరికి వెళ్లి, కూరగాయలు, నీళ్లు మాత్రమే ఇచ్చి పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. ఫలితం తేల్చే పని ఆయనకే వదిలేశాడు.

మీరూ అలాగే చేయండి. ఒక వారంపాటు, తేలకుండా మూసేయాల్సి వస్తున్న ఫిర్యాదులు రోజుకు ఎన్నో లెక్క రాసుకోండి. సంఖ్య చాలు, కస్టమర్ల పేర్లు, నంబర్లు ఇంటికి తేవద్దు. తర్వాత టీమ్ లీడర్‌ను విడిగా కలిసి ఇలా అడగండి: 'తేలనివాటిని పెండింగ్‌లోనే ఉంచి, సాయంత్రం ఆ సంఖ్య మీకు మెయిల్ చేస్తాను. పది పనిదినాలు చూడండి. అదే కస్టమర్ మళ్లీ ఫోన్ చేయడం తగ్గిందో లేదో మీరే తేల్చండి.' అబద్ధంగా మూసిన ఫిర్యాదు ఎక్కడికీ పోదు, ఇంకా కోపంతో మరో కాల్‌గా తిరిగొస్తుంది. ఈ సంగతి ఆయనకూ తెలుసు. ఇప్పటికే మూసినవాటిని తిరిగి తెరవొచ్చా అనీ అప్పుడే అడగండి.

చాలామంది యువ విశ్వాసులు పొరపాటు చేసేది ఇక్కడే. టీమ్ అందరి ముందూ 'నేను క్రైస్తవురాలిని, అబద్ధం ఆడను' అంటారు. అంటే మిగతావాళ్లంతా అబద్ధాలకోరులని చెప్పినట్టే. అక్కడితో మాట వినే చెవులు మూతపడతాయి. ఎందుకిలా చేస్తున్నావని ఎవరైనా అడిగితే అప్పుడు సాత్వికంతో చెప్పండి, 1 పేతురు 3:15లో ఉన్నది అదే. మీ స్కోరు కొన్నాళ్లు తగ్గొచ్చు, ఇన్సెంటివ్ పోవచ్చు. దానికి ముందే సిద్ధపడండి. అబద్ధం రాసి తీరాల్సిందేనని ఒత్తిడి చేస్తే పై స్థాయికి రాతపూర్వకంగా తెలపండి. అక్కడా మార్పు లేకపోతే వేరే ఉద్యోగం వెతుక్కోండి, దొరికాకే రాజీనామా.

ఇక తమ్ముడు. చేసిన తప్పు పేరు పెట్టి చెప్పండి: 'మొన్న నీ మీద అరిచాను. తప్పు నాదే. క్షమించు.' అక్కడ ఆపేయండి. 'కానీ నువ్వు కూడా…' అన్న మాట రాబోతుంది, పెదవి దాటనివ్వకండి. అది వస్తే ముందు చెప్పినదంతా పోతుంది. వెంటనే వాణ్ణి మందిరానికి రమ్మని పిలవొద్దు, క్షమాపణకు బదులు అడుగుతున్నట్టుంటుంది. మళ్లీ అరిస్తే మళ్లీ అదే రోజు అడగండి.

సంఘంలో నోరు జారని పెద్ద సోదరి ఒకరిని వారానికి అరగంట కలవండి. 'ఈ వారం ఎన్ని అబద్ధంగా మూశావు?' అని సూటిగా అడిగే అనుమతి ఆమెకివ్వండి. రోజూ పొద్దున ఫోన్ ముట్టుకోకముందు పది నిమిషాలు చాలు: నిన్నటి ఒక తప్పు ఒప్పుకోండి, ఇవాళ ఎదురయ్యే ఒక కష్టాన్ని పేరు పెట్టి కృప అడగండి. పెద్ద ప్రణాళికలు వద్దు, మూడో రోజుకే కుప్పకూలతాయి.

సిగ్గు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టర్‌ను కలవండి. అది విశ్వాసం లేకపోవడం కాదు.

ముందు తమ్ముడితో మాట్లాడండి, వీలైతే ఈ రాత్రే. టీమ్ లీడర్‌తో మాటలు వచ్చే వారం చూసుకోవచ్చు.