ముక్క పట్టుకెళ్ళి మిషన్ చూడు

అల్లుడూ,

మామయ్య దీవెనలు. నిన్న ఫోన్లో "తోలుతో కత్తి ఒరలు కుట్టడానికి హెవీ డ్యూటీ కుట్టు మిషన్ దొరికింది, అడ్వాన్స్ ఇచ్చేయనా మామయ్యా" అన్నావు. ఆగమన్నాను. సరేనన్నావు గానీ ఆ సరే మీద నాకు నమ్మకం కుదరలేదు, అందుకే ఈ ఉత్తరం. నేను గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ సీట్లు, కారు సీట్లు కుట్టినవాణ్ణి. కత్తి ఒరలు మాత్రం ఫిషింగ్ హార్బర్ నుంచి బోటువాళ్ళు వచ్చి అడిగితేనే మొదలుపెట్టాను. ఓ రెండొందలు కుట్టుంటాను. సీట్లు నేర్పనివి చాలా ఆ రెండొందలూ నేర్పాయి.

"హెవీ డ్యూటీ" అన్న మాటకి కొలత లేదు. జీన్స్ ప్యాంటు కుట్టే మిషన్‌నీ హెవీ డ్యూటీ అనే అమ్ముతారు. కొలత ఉన్నది నీ చేతిలోని ఒరకి. ముందు తోలు 3 మి.మీ., వెనక తోలు 3 మి.మీ., కత్తి అంచు దారాన్ని కోసేయకుండా మధ్యలో పెట్టే పట్టీ ఇంకో 3 మి.మీ. అక్కడికే 9 అయింది. తోలు కాస్త దళసరిగా వస్తే పది దాటుతుంది. బెల్టు దూరే తోలు మడత కూడా అదే కుట్టులో కలిపావంటే పన్నెండు, పదమూడుకి పోతుంది. ఆ మధ్య పట్టీ మానేసి పల్చగా కుట్టేస్తానంటావేమో, వద్దు. పట్టీ లేని ఒరలో కత్తి దూర్చిన ప్రతిసారీ అంచు తిన్నగా దారం మీదే పడుతుంది.

కాబట్టి ముందుగా నువ్వు కుట్టబోయే వాటిలో అన్నిటికన్నా మందమైన ఒర అంచు ఎలా ఉంటుందో, అలాంటి ముక్కలు నాలుగు అతికించి పెట్టుకో. జానెడు పొడవుంటే చాలు. మిషన్ చూడ్డానికి వెళ్ళినప్పుడు అవీ, నీ దారమూ పట్టుకెళ్ళు. అమ్మేవాడు రెండు మడతల రెక్జిన్ మీద గడగడా కుట్టి చూపిస్తాడు. చూసి ఊరుకో. తర్వాత నీ ముక్క పెట్టమను.

నేను ఇలా చెయ్యకే మోసపోయాను. ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ మిషన్ చూశాను. మోకాలితో లీవర్ నొక్కితే ఫుట్, అదే తోలుని పైనుంచి నొక్కిపట్టే పాదం, 16 మి.మీ. లేచింది. అబ్బో, 16 మందం కుడుతుందన్నమాట అనుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాను. ఇంటికి తెచ్చి 12 మి.మీ. ముక్క కింద దూరిస్తే దూరింది, కుట్టలేదు. ఫుట్ ఎంత లేస్తుందన్నది ఒక లెక్క, ఎంత మందం కుడుతుందన్నది ఇంకో లెక్క. కుట్టేటప్పుడు లోపలి ఫుట్, బయటి ఫుట్ ఒకదాని తర్వాత ఒకటి లేచి దిగాలి, దానికి పైన చోటుండాలి. సూది అంత లోతుకి దిగాలి. దారం లాగే చెయ్యి, పైదారం కిందదారం కలిసే ముడిని తోలు మధ్యలోకి లాగాలి. నా మిషన్‌లో ముడి అడుగునే ఉండిపోయింది, వెనకంతా ఆవగింజలు చల్లినట్టు చుక్కలు. దారం టెన్షన్ ఎంత బిగించినా పైదారం తెగిందే గానీ ముడి పైకి రాలేదు. ఆ మిషన్ చివరికి సీట్లకే పనికొచ్చింది.

ఇంట్లో మీ అమ్మ దగ్గరున్న నల్ల మిషన్ సంగతి అడిగావు. దాని జోలికి పోకు. అది బట్టకి పుట్టింది. దానికి 18 నంబర్ సూది పెట్టడమే ఎక్కువ, నీకు కావలసిన దారం ఆ సూది బెజ్జంలో దూరదు. బలవంతంగా తోలు తోస్తే సూది వంగి కింద ప్లేటుకి తగిలి విరుగుతుంది, మా అక్క చేత నాకు తిట్లు. చెప్పులు బాగుచేసేవాళ్ళ దగ్గర చేత్తో తిప్పే మిషన్ ఉంటుంది చూడు, దాని ఫుట్ ఏ దిక్కుకైనా తిరుగుతుంది. అది చెప్పు లోపలి మూలల్లోకి దూరి అతుకు వెయ్యడానికి బంగారం లాంటిది. ఒరకి చాలదు. కిందదారం చుట్టే బాబిన్ బుల్లిది, మందం పట్టదు, కుట్టు ఒకటి పొడుగు ఒకటి పొట్టి.

ఇక మిగిలినవి రెండు రకాలు. మొదటిది మా సీట్లవాళ్ళ వాకింగ్ ఫుట్ మిషన్. సూది తోలులో ఉండగానే సూది, లోపలి ఫుట్, తోలుని జరిపే కింది పళ్ళు మూడూ కలిసి జరుగుతాయి, అందుకే పై పొర ముందుకీ కింది పొర వెనక్కీ పోవు. జూకీ కంపెనీ 1541 లాంటివి ఈ రకం. 138 నంబర్ దారం (నంబర్ పెరిగేకొద్దీ దారం లావు), 22 గానీ 23 గానీ నంబర్ సూది, 9 మి.మీ. దాకా హాయిగా కుడతాయి. నువ్వు 2.5 మి.మీ. తోలుతో వంటింటి కత్తులకీ చిన్న కత్తులకీ ఒరలు చేసుకునేట్టయితే ఇది చాలు. రెండోది 441 రకం. జూకీ వాళ్ళ మోడల్ నంబరది, అదే అచ్చులో చైనా నుంచి కౌబాయ్ వగైరా పేర్లతో కూడా వస్తాయి. పొడవాటి గొట్టం లాంటి చెయ్యి మీద కుడుతుంది, 20 మి.మీ. మందాన్ని కూడా లెక్కచెయ్యదు. 277 దారం, 25 నంబర్ సూది. బోటు మీద వాడే పెద్ద కత్తులకి ఒరలు కుట్టాలంటే ఇదే. ఒకటి గుర్తుంచుకో, పల్చటి పర్సులు దీని మీద కుడదామంటే ఏనుగు చేత ముగ్గు వేయించినట్టుంటుంది.

ఒరకి వెనక వైపు కూడా ముఖమే. సీటు అడుగు ఎవడూ చూడడు. ఒరని చేతిలోకి తీసుకున్నవాడు మొట్టమొదట తిప్పి చూస్తాడు. మామూలు వాకింగ్ ఫుట్‌కి కింది పళ్ళు గరుకుగా ఉంటాయి, తోలు వెనక గీతలు గీతలుగా దిగుతాయి. ఒకసారి దిగితే పోవు. పళ్ళు లేని నున్నటి ఫీడూ, నున్నటి ఫుట్టూ ఆ మిషన్‌కి దొరుకుతాయో లేదో ముందే అడుగు. నీ ముక్క కుట్టాక వెనక్కి తిప్పి, కిటికీ దగ్గర వెలుగులో చూడు. చివర్న మూడు కుట్లు రివర్స్ వెయ్యమను. పాత బెజ్జాల్లోనే పడుతున్నాయా, పక్కన కొత్తవి పొడుస్తోందా? బట్టకైతే తప్పు కుట్టు విప్పి ఇస్త్రీ చేస్తే మాసిపోతుంది. తోలుకి పడ్డ బెజ్జం అలాగే ఉండిపోతుంది.

అందుకే ఒరకి స్పీడ్ అక్కర్లేదు. ఒక ఒరకి కుట్టు మహా అయితే జానెడున్నర. పాత క్లచ్ మోటారు కాలు ఆనించగానే ఉరుకుతుంది, వంపు దగ్గర చెయ్యి తిరిగేలోపే నాలుగు కుట్లు బయటికి పోతాయి. సర్వో మోటారుంటే ఒక్కో కుట్టూ లెక్కపెట్టుకుంటూ వెయ్యొచ్చు. మరీ నెమ్మదిలో దానికి బలం తగ్గుతుంది కాబట్టి పక్కన స్పీడ్ తగ్గించే పెద్ద పుల్లీ ఉంటే ఇంకా మంచిది. మోటారు మీద రేకు చదువు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి కొన్ని త్రీ ఫేజ్ ఉంటాయి, నీ ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజ్. ఈ చిన్న విషయం చూసుకోకుండా మిషన్‌ని మూడో అంతస్తుకి మోయించి, మళ్ళీ కిందికి దింపించినవాళ్ళు నాకు తెలుసు.

మన ఊళ్ళో సెకండ్ హ్యాండ్ కొంటే ఇంకో బాధ, ఉప్పుగాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా షెడ్డు రేకులు ఎత్తుకుపోయినప్పుడు మిషన్లు రెండూ వానలో తడిశాయి. కరెంటు లేని ఆ రోజులన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. పైకి మెరిశాయి గానీ లోపల షాఫ్టు తిప్పితే ఇసుక నమిలినట్టు చప్పుడు. మిషన్ తల వెనక్కి వాల్చి అడుగు చూడు. చక్రం చేత్తో తిప్పి చెవి పెట్టు. మీదంతా కొత్త పెయింటు మెరుస్తుంటే ఇంకో రెండుసార్లు తిప్పి చూడు.

దారం పాలిస్టర్ తీసుకో. నైలాన్ గట్టిదే గానీ ఎండకి పాడవుతుంది, బోటు మీద ఎండ తప్ప ఏముంది? తోలు సంగతికొస్తే, కత్తికీ పదునంటాం, తోలుకీ పదునంటాం. క్రోమ్‌తో పదును చేసిన మెత్తటి తోలులో కార్బన్ స్టీలు కత్తి పెడితే మచ్చపడుతుంది. తంగేడు చెక్క, కరక్కాయ లాంటి వాటితో చేసినదే ఒరకి వాడు. దాన్ని తడిపి కత్తి ఆకారానికి ఒత్తితే ఆరాక అలాగే నిలబడుతుంది. ఒత్తడం కుట్టయ్యాకే చెయ్యి, అప్పుడు చదును బల్ల మీద కుట్టే మిషన్ మీద కూడా అంచు చదునుగా ఆనుతుంది.

ఇంతా చెప్పి ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నెలకి ఎన్ని కుడతావు? పది, పదిహేనంటే ఇప్పుడే మిషన్ ఎందుకు? చేత్తో ఒక ఒర కుట్టడానికి నాకు గంట పడుతుంది. కోయడం, అతికించడం, అంచు రుద్దడం, ఒత్తడం మిషనున్నా నువ్వే చెయ్యాలి, మిషన్ మిగిల్చేది ఆ గంటే. పైగా మిషన్ కుట్టులో పైదారం, కిందదారం మధ్యలో మెలేసుకుంటాయి. రెండు సూదుల చేతికుట్టులో రెండు దారాలూ ప్రతి బెజ్జంలోనూ దాటుతాయి, ఒకటి తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. నెలకి నలభై, యాభై ఆర్డర్లు వస్తున్నాయంటే మాత్రం కొను, చేతివేళ్ళు ఊరికే రావు.

ఆదివారం పొద్దున్న పదిలోపు ఆటోనగర్ రా. నా షెడ్డు తీసుకున్న కుర్రాడి దగ్గర వాకింగ్ ఫుట్ ఉంది, ముక్కలు దాని మీద వేసి చూద్దాం. పదకొండు దాటితే వాడికి బేరాలు మొదలవుతాయి. దారం కొనకు, 138 రీలు నా దగ్గర సగం ఉంది.

మీ మామయ్య