రెండో రికార్డర్ ఎందుకని అడిగిన నాన్నకి

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ (ఎంపీసీఎస్) చివరి సంవత్సరం. ఎంసీఏ చేస్తుందనుకుంటే లొకేషన్ సౌండ్ రికార్డిస్ట్ అవుతానంటోంది, షూటింగ్ జరిగే చోటే మాటలు, శబ్దాలు రికార్డ్ చేసే పనట. హైదరాబాద్‌లో ఆరు నెలల డిప్లొమా చూసుకుంది. పరికరాలకు 3.40 లక్షల కొటేషన్ తెచ్చింది. అందులో రికార్డర్లే రెండున్నాయి, ఒకటి మొరాయిస్తే ఇంకొకటట! ఇప్పటికే స్నేహితురాలి రికార్డర్ అడిగి తెచ్చుకుని ఏవేవో రికార్డ్ చేస్తూ ఉంటుంది. ఒక మెమరీ కార్డు చాలదా అంటే రెండు కొంటుంది, వాటిమీద గోళ్ళరంగుతో నంబర్లు వేస్తుంది. దాని పెళ్ళికని వేసిన ఎఫ్‌డీ ఉంది, తీయమంటారా? పుణె, కోల్‌కతా కోర్సులు, ఈ డిప్లొమా, నేరుగా పనిలో చేరడం... ఏది మేలో పోల్చి చెప్పండి. బ్యాకప్‌గా బీఎడ్ చేయిస్తే ఎలా ఉంటుంది?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఎఫ్‌డీ కదపకండి. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీరు స్థిమితంగా చదువుతారు.

ఇలాంటి ఉత్తరం నాకు కొత్త కాదు. ఒకప్పుడు కెమెరా కొనమంటారా అని అడిగేవారు, తర్వాత డ్రోన్ వచ్చింది, ఇప్పుడు రికార్డర్. వస్తువు మారుతుంది గానీ కింద ఉన్న టెన్షన్ ఒకటే: ఈ పిల్ల రేపు తన తిండి తను తినగలదా? మీ ఉత్తరంలో మీరు రాయని భయం ఇంకొకటి కూడా ఉంది. దాని దగ్గరికీ వస్తాను.

ముందు ఆ రెండో రికార్డర్ సంగతి. మీరు దాన్ని పిల్లల విలాసంలా రాశారు. నాలుగేళ్ళ కిందట ఉప్పాడలో నేతపని మీద ఒక డాక్యుమెంటరీ తీస్తుంటే చూడ్డానికి వెళ్ళాను. సౌండ్ చేస్తున్న కుర్రాడు ఒకప్పుడు తల్లిని వెంటబెట్టుకుని నా దగ్గరికి సలహాకి వచ్చినవాడే. మెడలో బ్యాగు, అందులో పెద్ద రికార్డర్. దాని అవుట్‌పుట్ నుంచి జానెడు కేబుల్ ఒకటి అరచేతిలో పట్టే ఇంకో రికార్డర్‌లోకి వెళ్తోంది. చిన్నదాంట్లో లెవెల్ కాస్త తగ్గించి పెట్టాడు, ఎవరైనా హఠాత్తుగా గొంతు పెంచినా అందులో శబ్దం పగలకుండా. కార్డుల పౌచ్‌లో ఖాళీవి మామూలుగా, వాడినవి బోర్లా. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన తను మొదటిసారి జాందానీ నేసిన రోజు గురించి చెబుతున్నాడు. మధ్యలో కుర్రాడు ఒక్కసారి పెద్ద రికార్డర్ తెర వైపు చూశాడు, వేలు ఏదో నొక్కింది, మళ్ళీ బూమ్ మీదికి, అంటే మైకు బిగించిన పొడవాటి కర్ర మీదికి వెళ్ళిపోయింది. మొహంలో మార్పేమీ లేదు.

తర్వాత టీ తాగుతూ చెప్పాడు. “అక్కడ మెయిన్‌లో కార్డు ఎర్రర్ కొట్టింది మేడమ్. రికార్డింగ్ ఆగిపోయింది. చిన్నదాంట్లో మొత్తం ఉంది.” మరి మెయిన్ రికార్డర్‌కి కరెంటే పోతే? అప్పుడు దాని నుంచి వచ్చే కేబుల్‌లో కూడా ఏమీ రాదు కదా అని అడిగాను. నవ్వాడు. పెద్దాయన చొక్కాకి పెట్టిన వైర్‌లెస్ మైకు ట్రాన్స్‌మిటర్ తనలో తను కూడా రికార్డ్ చేసుకుంటోందట. ఆ పెద్దాయన ఆ మాటలు ఇంకోసారి చెప్పమంటే చెప్పేవాడే. కానీ గొంతు అలా వణికేది కాదు. డైరెక్టర్‌కి ఈ గొడవంతా తెలిసింది ఆ సాయంత్రం, కార్డులు రెండు డ్రైవుల్లోకి కాపీ అయ్యాకే. ఒక డ్రైవు కుర్రాడి బ్యాగులో, రెండోది డైరెక్టర్ కారులో. ఒకే బండిలో రెండూ వెళ్ళకూడదన్నది అతని నియమం.

కాబట్టి రెండో రికార్డర్ విలాసం కాదు. అయితే అది ఇప్పుడు మీ ఇంట్లో ఉండాలా అన్నది వేరే ప్రశ్న. దానికి నా జవాబు వద్దని. డబ్బులిచ్చి పిలిచేవాళ్ళు వచ్చాక, ఆ రోజుకి అద్దెకు తెచ్చుకోవచ్చు. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల రికార్డర్ నుంచి బూమ్ పోల్ దాకా అన్నీ అద్దెకు దొరుకుతాయి. నేర్చుకునేటప్పుడు కావాల్సింది ఒక రికార్డర్, మంచి హెడ్‌ఫోన్, పాడైపోతుందని ముందే అనుకుని కొన్న కేబుళ్ళు.

మీ కొటేషన్‌లో రెండు రికార్డర్లూ 32 బిట్ ఫ్లోట్ అని రాసి ఉంది, అంటే శబ్దం ఎంత చిన్నదైనా పెద్దదైనా పట్టుకునే రికార్డింగ్ పద్ధతి. ఇప్పుడు పిల్లలందరి నోటా ఈ మాటే. 2019లో జూమ్ ఎఫ్6, సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ రెండో తరం వచ్చినప్పటి నుంచి ఇది చిన్న యంత్రాల్లోకి దిగింది. ఇప్పుడు జూమ్ ఎఫ్3 లాంటి అరచేతి యంత్రంలో గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే శబ్దాన్ని ఎంత పెంచాలన్నది, తిప్పే బిరడానే లేదు. చాలామంది దీన్ని “ఇక లెవెల్ చూసుకోనక్కర్లేదు” అని అర్థం చేసుకుంటున్నారు. నాకిక్కడే అనుమానం.

ఆ టెక్నాలజీ అబద్ధమని కాదు. గుసగుసా కేకా రెండూ ఒకే టేక్‌లో వస్తే, తర్వాత కూర్చుని రెంటినీ సరిచేసుకోవచ్చు. ఎంత పోసినా పొంగని గిన్నె అనుకోండి. కానీ పాలల్లో ఈగ పడితే గిన్నె పెద్దదైనంత మాత్రాన పోదుగా! మైకు నోటికి ఆరడుగుల దూరంలో ఉంటే ఆ గది గోడల మోత అలాగే ఉంటుంది. గాలికి తొడుగు వేయకపోతే ఆ బుసబుస అలాగే ఉంటుంది. కాలర్ మైకు పట్టుచీరకి రాసుకుంటే ఆ గరగర అలాగే ఉంటుంది. మైకే తట్టుకోలేక పగిలిన శబ్దాన్ని, వైర్‌లెస్ సెట్‌లోనే పగిలిపోయి వచ్చిన శబ్దాన్ని రికార్డర్ ఎన్ని బిట్లున్నా బాగుచేయలేదు. ఆ కుర్రాడి జీవనం బిట్ల మీద నడవడం లేదు. మైకు ఎక్కడ పెట్టాలో, ఫ్రేమ్‌లో పడకుండా ఎంత దగ్గరికి దించాలో తెలియడం మీద నడుస్తోంది. గెయిన్ తిప్పడం నేర్చుకోని పిల్లలు వినడం కూడా నేర్చుకోరేమోనని నా బెంగ. నాది పాతకాలపు చాదస్తం అంటారా, అనండి.

ఇక డిప్లొమా. దీన్ని గురించి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను. ఒకబ్బాయి ఇలాంటిదే చేశాడు. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఆరు నెలల్లో నాలుగు నెలలు స్టూడియోలో సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టారు. లొకేషన్‌కి తీసుకెళ్ళింది రెండుసార్లు, అదీ ఇరవైమందికి ఒక బూమ్. చివర్లో “కిట్” ఈఎంఐ మీద ఇప్పించారు. 2025 ఆగస్టులో వేతనాల పెంపు కోసం కార్మికులు సమ్మెకి దిగి తెలుగు సినిమా షూటింగులు రెండు వారాలకు పైగా ఆగిపోయాయి, గుర్తుందా? ఆ నెల కూడా ఈఎంఐ కట్ అయింది. కిట్ బీరువాలో సిలికా జెల్ పొట్లాల మధ్య భద్రంగా ఉంది. పరికరం కొంటే పని వస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. పని ఇచ్చేవాళ్ళు ఆ మాట అనగా నేను ఇంతవరకూ వినలేదు.

చేరాలనే అనుకుంటే ఆ సంస్థకి వెళ్ళి ఒక్క ప్రశ్న వేయండి: విద్యార్థి ఒంటరిగా ఒక రోజంతా సౌండ్ చేసిన ప్రాజెక్టులు ఎన్ని, అవి వినిపిస్తారా? తడబడితే లేచి వచ్చేయండి.

మన దగ్గర పని ఎలా ఉంటుందో కూడా దాచను. తెలుగు సినిమా ఇప్పటికీ ఎక్కువగా డబ్బింగ్ మీదే నడుస్తుంది. హీరోయిన్‌కి భాష రాదు, కెమెరా పక్కనుంచి అసిస్టెంట్ డైలాగ్ ప్రాంప్టింగ్ ఇస్తుంటాడు, అవతల జనరేటర్. అలాంటి సెట్‌లో రికార్డ్ అయ్యేది పైలట్ ట్రాక్, అంటే రేపు డబ్బింగ్ చెప్పేవాళ్ళకి ఆసరా. షూటింగ్‌లోనే మాటలు పట్టే సింక్ సౌండ్‌తో ‘పెళ్ళిచూపులు’, ‘కేరాఫ్ కంచరపాలెం’ లాంటివి వచ్చాయి గానీ అవి ఇంకా మినహాయింపులే. దేశంలోనూ ఈ పనికి అందే గుర్తింపు విచిత్రంగా ఉంటుంది. 2022లో ప్రకటించిన 68వ జాతీయ అవార్డుల్లో సింక్ సౌండ్ విభాగంలో ఒక కన్నడ సినిమాకి అవార్డు ఇస్తే, అది డబ్బింగ్ చెప్పిన సినిమా అని దాని సౌండ్ డిజైనరే బయటపెట్టాడు!

అయినా పని లేదనను. డాక్యుమెంటరీలు, ప్రకటనలు, వెబ్ సిరీస్‌లు, ఇంటర్వ్యూలు, కంపెనీల వీడియోలు ఉన్నాయి. వీటిలో మొదట్లో డబ్బు తక్కువ, నెలకి ఇంత అని ఉండదు. రెండు మూడేళ్ళు ఇంటి నుంచి అన్నం కావాలి. మీరు ఇవ్వగలిగింది అది. ఎఫ్‌డీ కాదు.

పోలిక అడిగారు కదా. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే సంస్థ... రెండూ కేంద్రప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్లు, సౌండ్‌లో మూడేళ్ళ కోర్సు, డిగ్రీ తర్వాత. సీట్లు చాలా తక్కువ. ప్రవేశపరీక్ష వివరాలు మీ అమ్మాయికి నాకన్నా బాగా తెలిసే ఉంటాయి, వదిలేస్తున్నాను. వస్తే కళ్ళు మూసుకుని పంపండి. రసూల్ పూకుట్టి కేరళలో ఫిజిక్స్ డిగ్రీ చేసి పుణె వెళ్ళినవాడే, 2009లో సౌండ్‌కి ఆస్కార్ తెచ్చుకున్నాడు. అందరికీ ఆస్కార్లు రావు, అక్కడ దొరికేది మూడేళ్ళు తప్పులు చేసే వీలు. రాకపోతే మళ్ళీ రాయనివ్వండి, ఈలోపు ఎవరైనా రికార్డిస్ట్ దగ్గర బూమ్ పట్టుకునే పనికి పంపండి. ఆరు నెలల డిప్లొమాని ఈ రెంటి పక్కన పెట్టి పోల్చడం నాకు చేతకాదు.

ఇప్పుడు మీరు రాయని మాట. ఆడపిల్ల, రాత్రిపూట షూటింగులు, ఊరు కాని ఊళ్ళు. నిజంగానే బెంగపడాల్సిన విషయం. 2024 ఆగస్టులో బయటికొచ్చిన జస్టిస్ హేమ కమిటీ నివేదికలో మలయాళ సినిమా సెట్లలో ఆడవాళ్ళకి టాయిలెట్ కూడా సరిగ్గా ఉండదని రాశారు. మనవాళ్ళు గొప్పగా ఉన్నారని నేను అనను. ఒప్పుకునే ముందే గది ఎక్కడ, తిరిగి ఎవరు దింపుతారు, యూనిట్‌లో ఇంకెంతమంది ఆడవాళ్ళున్నారు అని అడగడం మీ అమ్మాయికి అలవాటు కావాలి. అడిగితే పని పోతుందేమో అనుకోవద్దని మీరే చెప్పాలి. ఆ మాట బయటివాళ్ళు చెబితే ఎక్కదు. కానీ ఏమీ అనుకోకండి, ఇంత భయం మనసులో పెట్టుకుని, దాన్ని రికార్డర్ ధర మీదకి నెట్టి, పైగా “దాని పెళ్ళికని వేసిన ఎఫ్‌డీ” అని పిల్ల చెవిన పడేలా అనడం బాగాలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఒక కేబుల్ కొన్నా పెళ్ళి డబ్బు తింటున్నట్టు తలొంచుకుంటుంది.

బీఎడ్ గురించి. బ్యాకప్ రికార్డర్ ఇంకేదో ఊళ్ళో ఇంకేదో పాట రికార్డ్ చేయదు. అదే మైకు నుంచి అదే మాట తీసుకుంటుంది. మీ అమ్మాయికి బ్యాకప్ కావాలంటే అది కూడా చెవికి సంబంధించిందే అయితే తనకి పనికొస్తుంది. ఎడిటింగ్ గదిలో డైలాగ్ శుభ్రం చేయడం, డబ్బింగ్ థియేటర్లో పని, పాడ్‌కాస్టులు, ఫంక్షన్ల సౌండ్. టీచరవ్వాలని తనకే ఉంటే బీఎడ్ బంగారంలాంటి చదువు, మీ నిద్ర కోసమైతే వద్దు.

డబ్బు లెక్క అరవై వేలు దాటనివ్వకండి. చిన్న రెండు ఛానెళ్ళ రికార్డర్, సెకండ్‌హ్యాండ్ అయినా పరవాలేదు. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్. గాలి తొడుగు. ఛార్జ్ చేసుకునే బ్యాటరీలు రెండు జతలు. పెద్ద కార్డు ఒకటి కాకుండా చిన్నవి నాలుగు, ఎందుకంటే మామూలు 24 బిట్‌లో రెండు ట్రాకులు గంటసేపు రికార్డ్ చేసినా ఒక జీబీకి కాస్త పైనే అవుతుంది, ఒక కార్డు పోతే ఆ పూటే పోతుంది, షూటింగ్ మొత్తం పోదు.

కార్డులంటే గుర్తొచ్చింది. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం మీరు ఫిర్యాదుగా రాసింది. ఒకటి చాలదా అంటే రెండు కొంటుంది, గోళ్ళరంగుతో నంబర్లు వేస్తుంది! ఎవరూ నేర్పకుండానే ఆ పిల్ల ఉప్పాడ కుర్రాడు చేసే పనే చేస్తోంది. అంత పెద్ద ఉత్తరంలో “తను రికార్డ్ చేసింది విన్నాను” అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను.

వచ్చే ఆదివారం హెడ్‌ఫోన్ అడిగి పెట్టుకోండి. తర్వాత మీ మాటలు కూడా రికార్డ్ చేయమనండి, మీ చిన్నప్పటి గోదావరి వరదల గురించో ఏదో ఒకటి. ముందు ఫ్యాన్ ఆపమంటుంది, ఫ్రిజ్ ప్లగ్ తీసేయమంటుంది. మీరు చెప్పడం అయిపోయాక కూడా ఇంకో నిమిషం కదలొద్దంటుంది, గది నిశ్శబ్దం విడిగా పట్టుకోవాలని. రాజమండ్రి ఎండల్లో అది కాస్త కష్టమే. తువ్వాలు దగ్గర పెట్టుకోండి.